వైద్య సేవ కార్డు ఉండగా ప్రైవేటు పాలసీ తీసుకోవాలా? ఆటోనగర్ నుంచి వచ్చిన ప్రశ్నకు జవాబు

మీరు రాసినదాన్ని ముందు క్లుప్తంగా చెప్తాను, చదివే మిగతావాళ్లకు కూడా అర్థమవుతుంది. మీకు విజయవాడ ఆటోనగర్‌లో చిన్న స్పేర్ పార్టుల షాపు ఉంది. ఖర్చులు పోను ఏడాదికి నాలుగు, నాలుగున్నర లక్షలు మిగులుతుంది. మీరు, మీ ఆవిడ, ఇద్దరు పిల్లలు ఇక్కడ. అమ్మానాన్నలు గుంటూరులో. నాన్నగారికి 71 ఏళ్లు, షుగరు, బీపీ ఉన్నాయి, గుండెకు ఒక స్టెంట్ వేశారు. అమ్మగారికి 64, థైరాయిడ్, మోకాళ్ల నొప్పులు. ఆరుగురికీ కలిపి పది లక్షల ఫ్లోటర్ పాలసీ (ఇంట్లో అందరూ ఒకే మొత్తాన్ని పంచుకునేది) తీసుకోమని ఏజెంటు వెంటపడుతున్నాడు. వైద్య సేవ కార్డు మీద పాతిక లక్షల దాకా ప్రభుత్వమే ఇస్తుంటే ప్రైవేటు కంపెనీకి కట్టడం దండగ అని మీ బావగారు అంటున్నారు. ఎవరి మాట వినాలి అని అడిగారు.

ఇద్దరూ మీ ఇంట్లో ఆరుగురినీ ఒకే గాట కట్టి మాట్లాడుతున్నారు. చిక్కంతా అక్కడే ఉంది. మీ నాన్నగారికి సరిపోయేది మీ పిల్లలకు సరిపోదు, మీకు సరిపోయేది ఆయనకు దొరకదు. నేను సూర్యారావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్కులో చాలా ఏళ్లు పనిచేశాను. ఒక కౌంటర్లో రోగి కట్టకుండా బీమా కంపెనీయే బిల్లు చెల్లించే క్యాష్‌లెస్ ఫైళ్లు, పక్క కౌంటర్లో ఆరోగ్యశ్రీ కేసులు. రెండింటిలోనూ ప్రాణం నిలబడ్డవాళ్లను చూశాను. రెండూ ఉండి కూడా, ఎప్పుడు ఏది వాడాలో తెలియక బంగారం తాకట్టు పెట్టినవాళ్లనూ చూశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ప్రభుత్వ పథకం. 2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీగా మొదలైంది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మారుతూ ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. జనం మాత్రం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే అంటారు, నేనూ అలాగే అంటాను. ఏడాది ఆదాయం 5 లక్షల లోపున్న కుటుంబాలకు ఇది వర్తిస్తుంది. కుటుంబానికి ఏడాదికి 25 లక్షల పరిమితి 2023 డిసెంబరులో వచ్చింది. జాబితాలో 3,257 రకాల చికిత్సలున్నాయి. ఈ కార్డు అసలు బలం పాతిక లక్షల అంకెలో లేదు. ఇది వయసు అడగదు, పాత జబ్బా కొత్త జబ్బా అని అడగదు, మూడేళ్లు ఆగమనదు. స్టెంట్ ఉన్న మనిషికి మళ్లీ గుండె నొప్పి వచ్చినా తీసుకుంటుంది. కిడ్నీలు పాడై వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్ చేయించుకునేవాళ్లు, కీమోథెరపీ మీద ఉన్న క్యాన్సర్ రోగులు ఏళ్ల తరబడి దీని మీదే బతుకుతున్నారు. అలాంటి జబ్బు వచ్చాక ప్రైవేటు కంపెనీల్లో మామూలు కొత్త పాలసీ దొరకడం చాలా కష్టం. కాబట్టి మీ బావగారి మాటలో నిజం ఉంది. కార్డును చిన్నచూపు చూడొద్దు.

ఆయన చెప్పనిది కూడా ఉంది. ఆరోగ్యశ్రీ అంటే జాబితాలో ఉన్న చికిత్సకు, ఆ చికిత్సకు పథకం అనుమతి ఉన్న (ఎంపానెల్ అయిన) ఆసుపత్రిలో, ముందే ఖరారైన ప్యాకేజీ రేటు ప్రకారం జరిగేది. ఆసుపత్రి బయట పథకం బోర్డు ఉన్నంత మాత్రాన లోపల అన్ని విభాగాలకూ వర్తిస్తుందని కాదు. ఎముకల విభాగానికి ఉండి గుండెకు లేని ఆసుపత్రులు ఉంటాయి. పేషెంటును స్ట్రెచర్ మీద దించాక ఆ సంగతి తెలిస్తే ఇంట్లోవాళ్ల పరిస్థితి ఏమిటో ఆలోచించండి. అందుకే 'ఆరోగ్యశ్రీ ఉందా' అని కాదు, 'ఈ జబ్బుకు ఈ ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ ఉందా' అని అడగాలి. 104కి ఫోన్ చేస్తే చెప్తారు. ఆసుపత్రిలో అయితే పథకం తరఫున ఉండే వైద్యమిత్ర కౌంటర్లో అడగండి, రిసెప్షన్‌లో కాదు. ఎమర్జెన్సీ అయితే ఫోన్ మీదే అనుమతి తీసుకుని చికిత్స మొదలుపెట్టే ఏర్పాటు ఉంది. ఆసుపత్రివాళ్లు ఆ మాట ఎత్తకపోతే మీరే ఎత్తండి.

ఇంకొకటి, బకాయిలు. ప్రభుత్వం నుంచి డబ్బులు ఆలస్యమైనప్పుడు నెట్‌వర్క్ ఆసుపత్రులు కేసులు తగ్గించుకుంటాయి, ఒక్కోసారి పూర్తిగా ఆపేస్తాయి. 2025 అక్టోబరులో అదే జరిగింది. ప్రభుత్వంతో చర్చలయ్యాక మళ్లీ మొదలుపెట్టారు. అలాంటి రోజుల్లో కూడా ప్రభుత్వ ఆసుపత్రుల తలుపులు మూసుకోవు. మీ అమ్మానాన్నలు గుంటూరులో ఉన్నారు కాబట్టి ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి (జీజీహెచ్) దగ్గరే ఉంది. అక్కడ 2016లోనే గుండె మార్పిడి ఆపరేషన్ జరిగింది. మంగళగిరి ఎయిమ్స్ మీ రెండిళ్లకూ మధ్యలోనే ఉంది. నాన్నగారి గుండె ఫైలు ఇప్పటినుంచే ఈ రెండింటిలో ఒకచోట తెరిపించి, ఆరునెలలకొకసారి చూపిస్తూ ఉండండి. అర్ధరాత్రి అవసరం పడ్డప్పుడు పాత రికార్డు ఉన్న పేషెంటుకు, మొదటిసారి వచ్చిన పేషెంటుకు తేడా చాలా ఉంటుంది.

మీ ఆదాయం పరిమితికి దగ్గరగా ఉంది, వచ్చే ఏడాది షాపు బాగా నడిస్తే కార్డు పోతుందేమో అని మీకు అనుమానం రావచ్చు. ఆదాయంతో సంబంధం లేకుండా అన్ని కుటుంబాలకూ వర్తించేలా, 2.5 లక్షల దాకా బీమా కంపెనీల ద్వారా, ఆపైన 25 లక్షల దాకా పథకాన్ని నడిపే ప్రభుత్వ ట్రస్టు ద్వారా ఇచ్చే కొత్త విధానానికి రాష్ట్ర మంత్రివర్గం 2025 సెప్టెంబరులో ఆమోదం తెలిపింది. అది మీకు ఎంతవరకు వచ్చిందో అడిగి, మీ వార్డు సచివాలయంలో మీ కుటుంబం పేరు మీద ఇప్పుడు ఏం నమోదై ఉందో చూపించమనండి. వెళ్లినప్పుడు చిన్న పిల్లాడి పేరు కార్డులో ఉందో లేదో తప్పకుండా చూసుకోండి. పెద్దవాళ్ల పేర్లన్నీ ఉండి, తర్వాత పుట్టిన బిడ్డ పేరు ఎక్కించకపోవడం వల్ల ఆసుపత్రిలో గంటల తరబడి ఏడ్చిన తల్లులను నేను చూశాను. ఆధార్‌లో ఒక ఇంటిపేరు, కార్డులో ఒక ఇంటిపేరు ఉన్నా ఇదే గొడవ. బాగున్న రోజుల్లో ఇది చిన్న పని. ఐసీయూ బయట నిలబడ్డప్పుడు కాదు.

నాన్నగారికి ఇంకో దారి కూడా ఉంది. 70 ఏళ్లు నిండినవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షల వరకు కేంద్రం ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తోంది. 2024 అక్టోబరు 29న మొదలైంది. వయసు ఆధార్ ప్రకారం చూస్తారు. ప్రైవేటు పాలసీ ఉన్నవాళ్లు కూడా దీనికి అర్హులే. ఆయుష్మాన్ యాప్‌లో మీరే చేయించవచ్చు. ఇది ఈ వారమే చేయండి.

ఇప్పుడు ఏజెంటు చెప్పిన ఆరుగురి ఫ్లోటర్ సంగతి. వద్దు. కారణాలు చెప్తాను. ఫ్లోటర్లో ప్రీమియం లెక్క ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ల వయసు మీద మొదలవుతుంది. మీ నాన్నగారు అందులో ఉన్నంతకాలం మీ పిల్లలకు కూడా ఆయన వయసు లెక్కలోనే కడుతున్నట్టు. పైగా ఆయనకు ఒక పెద్ద ఆపరేషన్ జరిగితే ఆ ఏడాది మొత్తానికి ఉన్న పది లక్షలూ ఆయనకే ఖర్చయిపోవచ్చు, తర్వాత మీకేదైనా అయితే పాలసీ ఉండీ లేనట్టే. ఇక ముఖ్యమైనది, వెయిటింగ్ పీరియడ్. ముందే ఉన్న జబ్బులకు కంపెనీలు గరిష్ఠంగా 36 నెలల దాకా డబ్బు ఇవ్వకుండా ఆపవచ్చు. 2024 ఏప్రిల్‌కి ముందు అది 48 నెలలుండేది, బీమా కంపెనీల నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ తగ్గించింది. అంటే గుండె, షుగరు, బీపీల కోసమే మీరు ఆయన్ని పాలసీలో పెడుతున్నారు, వాటికే 71 నుంచి 74 ఏళ్ల దాకా పైసా రాదు. ఆ మూడేళ్లు మీరు కట్టే అదనపు ప్రీమియం తక్కువేమీ కాదు. ఆ డబ్బును నెలనెలా ఆయన పేరున బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ వేయండి. మందులకు, టెస్టులకు, కార్డు చెల్లని చోట అడ్వాన్సు కట్టడానికి అక్కరకొస్తుంది. ఆయనకు ఆధారం ఆరోగ్యశ్రీ, వయ వందన, ఈ డిపాజిట్. నేనైతే మా ఇంట్లో ఇలాగే చేస్తాను.

అమ్మగారి విషయం మధ్యస్థం. థైరాయిడ్ ఒక్కటే అయితే చాలా కంపెనీలు తీసుకుంటాయి. 65 దాటితే కొత్త పాలసీ ఇవ్వరనే పాత మాట ఇప్పుడు లేదు, ఆ నిబంధన 2024లో తీసేశారు. కానీ వయసు పెరిగేకొద్దీ ప్రీమియం పెరుగుతుంది, కంపెనీ వద్దనే అవకాశమూ పెరుగుతుంది. చేతిలో డబ్బు ఆడితే ఆవిడ ఒక్కరి పేరున 5 లక్షల విడి పాలసీ చూడండి. కో-పే ఎంతో అడగండి. 20 శాతం కో-పే అంటే రెండు లక్షల బిల్లులో 40 వేలు మీ జేబులోంచే. మోకీలు మార్పిడికి కూడా వెయిటింగ్ ఉంటుంది కాబట్టి వచ్చే ఏడాది ఆపరేషన్ చేయించాలన్న ఆలోచనతో మాత్రం తీసుకోవద్దు. డబ్బు ఆడకపోతే ఆవిడకూ కార్డే దిక్కు. అందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు.

మీకు, మీ ఆవిడకు, పిల్లలకు మాత్రం ప్రైవేటు పాలసీ తీసుకోండి. కార్డు ఉన్నా తీసుకోమనే అంటాను. మీరు ఇంటికి సంపాదించే మనిషి. డెంగీ, యాక్సిడెంట్, అపెండిసైటిస్, పిల్లలకు న్యుమోనియా, మీ వయసు ఇళ్లలో వచ్చేవి ఇలాంటివి. వీటిలో ఇంటికి దగ్గరున్న, మీకు నమ్మకమున్న డాక్టరు దగ్గర వెంటనే చేరగలగాలి. జాబితాలో ఉందా, ఆ ఆసుపత్రికి ఆ విభాగం ఉందా అని వెతికే టైము ఉండదు. క్యాష్‌లెస్ అడిగిన గంటలోపు కంపెనీ జవాబివ్వాలని, డిశ్చార్జ్ బిల్లు వెళ్లాక మూడు గంటల్లో తేల్చాలని ఐఆర్‌డీఏఐ 2024లో నిబంధన పెట్టింది. పాలసీ యాక్సిడెంట్లకు మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. జబ్బులకు మొదటి 30 రోజులు ఆగాలి. హెర్నియా, రాళ్లు, క్యాటరాక్ట్ లాంటి కొన్నింటికి చాలా పాలసీల్లో రెండేళ్లు ఆగాలి. ఇప్పుడు ఆరోగ్యంగా ఉన్నారు కాబట్టి ఈ గడువులు మీకు తెలియకుండానే గడిచిపోతాయి. నలభై అయిదు దాటి షుగరు వచ్చాక తీసుకుందామంటే అప్పుడు మీరూ మీ నాన్నగారి వరసలోనే నిలబడాలి.

ఒకే అడ్మిషన్‌లో సగం కార్డు మీద, సగం పాలసీ మీద నడిపిద్దాం అనుకుంటారు కొందరు. అది కుదరదు. ఆరోగ్యశ్రీ కేసంటే ప్యాకేజీలో మొత్తం అయిపోవాలి, ఆసుపత్రి పైన వసూలు చేయకూడదు. చేస్తే 104కి ఫిర్యాదు చేయండి. చేరేటప్పుడే దేని మీద చేరుతున్నారో తేల్చుకోవాలి. చిన్న బిల్లు, త్వరగా తేలేది అయితే పాలసీ. నెలల తరబడి సాగే జబ్బు అయితే పాలసీ డబ్బును దాచుకుని కార్డు వైపు వెళ్లడం మంచిది.

పాలసీ తీసుకునేటప్పుడు రెండు విషయాల్లో గట్టిగా ఉండండి. మొదటిది ప్రపోజల్ ఫారం. 'బీపీ సంగతి రాయొద్దు సార్, ప్రీమియం పెరుగుతుంది, ఎవరు చూస్తారు' అని చెప్పే ఏజెంట్లు ఉన్నారు. చూస్తారు. మనిషి పక్షవాతంతో వచ్చి పడుకుంటే డ్యూటీ డాక్టరు మొదట అడిగేది 'ఎన్నాళ్ల నుంచి బీపీ ఉంది' అని. కంగారులో భార్య నిజమే చెప్తుంది, 'ఆరేళ్లుగా మాత్ర వేసుకుంటున్నారండి' అని. అది కేసు షీటులో ఎక్కుతుంది. ఆ కాగితమే కంపెనీకి వెళ్తుంది. పాలసీ మొదలై రెండేళ్లయింది, జబ్బు ఆరేళ్ల నాటిది, ఫారంలో 'లేదు' అని ఉంది. క్లెయిమ్ పోతుంది, ఒక్కోసారి పాలసీ కూడా పోతుంది. అప్పుడు ఏజెంటు ఫోన్ ఎత్తడు. ఈ దృశ్యం డెస్కులో కూర్చున్న ప్రతివాళ్లకూ తెలుసు, చూసిన ప్రతిసారీ కడుపులో దేవినట్టే ఉంటుంది. వరసగా అయిదేళ్లు పాలసీ నడిపాక మాత్రం, మోసం అని రుజువు చేస్తే తప్ప, చెప్పలేదన్న కారణంతో కంపెనీ తిరస్కరించకూడదు. ఆ అయిదేళ్ల మీద ఆశ పెట్టుకుని దాచొద్దు. ఫారం మీ చేత్తో మీరే నింపండి. మీ ఆవిడకు కాన్పులప్పుడు షుగరు వచ్చి తగ్గినా రాయండి. పాలసీ కాగితం చేతికొచ్చాక అందులో మీరు చెప్పినవి ఉన్నాయో లేదో చదవండి. నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇచ్చేయవచ్చు.

రెండోది రూమ్ రెంట్. దీని దెబ్బ చాలామందికి డిశ్చార్జ్ రోజే తెలుస్తుంది. లెక్క వేసి చూపిస్తాను. మీ పాలసీ 5 లక్షలు, గదికి రోజుకు ఒక శాతం, అంటే 5 వేలు పరిమితి అనుకుందాం. మీరు 8 వేల ఏసీ గదిలో అయిదు రోజులున్నారు. గది తేడా రోజుకు 3 వేలు, మొత్తం 15 వేలు కట్టుకుంటే సరిపోతుందనుకుంటారు. అలా కాదు. మీరు ఎక్కువ గది తీసుకున్నారు కాబట్టి డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ చార్జీలు కూడా అదే నిష్పత్తిలో, అంటే ఎనిమిదింట అయిదు వంతులే ఇస్తారు. బిల్లు 2,60,000 అనుకోండి. అందులో గది 40 వేలు, డాక్టర్లు, థియేటర్ వగైరా 1,20,000, మందులు, టెస్టులు, ఇంప్లాంటు ఒక లక్ష. మందులు, టెస్టులు, ఇంప్లాంట్లకు ఈ కోత పెట్టకూడదు, ఆ లక్ష వస్తుంది. గదికి 25 వేలు, డాక్టర్లు, థియేటర్ వగైరాకు 75 వేలు. మొత్తం వచ్చేది 2 లక్షలు. మీ చేతి నుంచి 60 వేలు. 15 వేలు అనుకున్నది 60 వేలు అయింది. అందుకే రూమ్ రెంట్ పరిమితి లేని పాలసీ, లేదా కనీసం సింగిల్ ప్రైవేటు రూమ్ అని రాసి ఉన్న పాలసీ తీసుకోండి. ప్రీమియం కాస్త ఎక్కువైనా పర్వాలేదు. పరిమితి ఉన్నదే తీసుకోవాల్సి వస్తే, చేరేటప్పుడు మీ పరిమితి చెప్పి ఆ లోపు గది ఇమ్మని అడగండి. పలకరించడానికి వచ్చే బంధువులు ఏమనుకుంటారో అని పెద్ద గది తీసుకోకండి.

ఏ కంపెనీ అని కూడా అడిగారు. 'గవర్నమెంటు ఇన్సూరెన్స్' అంటే కొందరు ఆరోగ్యశ్రీ అనుకుంటారు, కొందరు ప్రభుత్వరంగ బీమా కంపెనీలు అనుకుంటారు. రెండూ వేరు. న్యూ ఇండియా, యునైటెడ్ ఇండియా, ఓరియంటల్, నేషనల్, ఈ నాలుగూ ప్రభుత్వానివే అయినా ప్రీమియం కట్టాలి, వెయిటింగ్ ఉంటుంది, షరతులు ఉంటాయి. నా అనుభవంలో ఈ నాలుగింటితో కాగితాల పని నెమ్మది, టీపీఏ (కంపెనీ తరఫున క్లెయిములు చూసే మధ్యవర్తి సంస్థ) చుట్టూ తిరగాలి. కానీ చిన్న సాకులతో కొట్టేయడం తక్కువ, గుంటూరు, విజయవాడల్లో బ్రాంచి ఆఫీసుకు వెళ్లి మనిషితో మాట్లాడవచ్చు. ప్రైవేటు కంపెనీల్లో యాప్, క్యాష్‌లెస్ వేగం బాగుంటాయి, పాలసీల్లో సదుపాయాలు ఎక్కువ, ప్రశ్నలు కూడా ఎక్కువ. మీ లాంటి యువ కుటుంబానికి ఏదైనా పర్వాలేదు. సంతకం పెట్టే ముందు మీరు నిజంగా వెళ్లే రెండు మూడు ఆసుపత్రుల ఇన్సూరెన్స్ డెస్కుకే వెళ్లి, ఏ కంపెనీ అప్రూవల్స్ సాఫీగా వస్తున్నాయని అడగండి. ఏజెంటు కన్నా వాళ్లకే బాగా తెలుసు. చదువుకుని పోల్చుకునే ఓపిక లేకపోతే ఆరోగ్య సంజీవని అనే ప్రామాణిక పాలసీ ఉంది, ఏ కంపెనీ అమ్మినా షరతులు ఒకటే. కాకపోతే అందులో గది పరిమితి, 5 శాతం కో-పే ఉన్నాయి.

ఏజెంటు ఇచ్చిన కొటేషన్‌లో 18 శాతం జీఎస్టీ ఉంటే అది పాతది. వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు. కొత్త కొటేషన్ నలుగురికే, మీ వయసు మీద వేయించండి.

క్లెయిమ్ అన్యాయంగా కొట్టేశారనిపిస్తే కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, బీమా భరోసా పోర్టల్‌లో పెట్టండి. నెల దాటినా పరిష్కారం రాకపోతే, బీమా ఫిర్యాదులు తేల్చే, హైదరాబాద్‌లో ఉన్న ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోపు వెళ్లవచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా ఆదేశం ఇచ్చే అధికారం ఉంది. దీనికోసం డిశ్చార్జ్ సమ్మరీ, తిరస్కరణ లెటరు, బిల్లుల జిరాక్సులు దాచుకోవాలి.

రెండేళ్ల ప్రీమియం ఒకేసారి కడితే తగ్గిస్తామన్నారని చివర్లో రాశారు. మొదటిసారి ఒక ఏడాదికే కట్టండి. ఈ ఏడాదిలో వాళ్ల ఫోన్లు ఎత్తే తీరు, కార్డులు పంపే తీరు మీకు తెలుస్తుంది. నచ్చకపోతే రెన్యూవల్‌కు కనీసం 45 రోజుల ముందు ఇంకో కంపెనీకి పాలసీ మార్చుకునే పోర్టింగ్ అప్లికేషన్ పెట్టుకోవచ్చు, అప్పటిదాకా గడిచిన వెయిటింగ్ కాలం కొత్త కంపెనీలో కూడా లెక్కలోకి వస్తుంది. రెన్యూవల్ తేదీ మాత్రం దాటనివ్వకండి, ఆ లెక్కంతా పాలసీ ఆగకుండా నడిచినవాళ్లకే.